ఒకే బిడ్డ, ఒక చార్టులో మామూలే, ఇంకో చార్టులో ఎస్‌జీఏ: ఏది నమ్మాలి?

వార్డు_సిస్టర్

అందరికీ నమస్కారం. నేను ప్రసవానంతర వార్డులో పనిచేస్తాను. నిన్న రాత్రి ఒక బిడ్డ విషయంలో మాలో మాకే పొంతన కుదరలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మగబిడ్డ, బరువు 2,750 గ్రాములు. చివరి నెలసరి తేదీ లెక్కన 40 వారాల 1 రోజు. గోడకు అంటించి ఉన్న పాత చార్టులో చుక్క పెడితే 10వ గీతకు (10వ పర్సంటైల్, అంటే వందమందిలో బరువు తక్కువున్న పదిమంది దీనికి కింద ఉంటారు) పైనే పడింది. డ్యూటీ డాక్టర్ ఫోన్‌లో ఇంటర్‌గ్రోత్ చార్టు తెరిచి చూస్తే 10కి కింద, అంటే ఎస్‌జీఏ (తన వారాలకు తగ్గ బరువు లేని బిడ్డ). ఒకరేమో "రెండున్నర కేజీలు దాటాడు కదా, ఇంక భయమేముంది" అన్నారు. ఇంకొకరు "ఎస్‌జీఏ కాబట్టి షుగర్ చూడాల్సిందే" అన్నారు. ఇదంతా తల్లి వింటూనే ఉంది. పాపం, ఏడుపు మొదలుపెట్టింది.

అసలు ఏ చార్టు పట్టుకోవాలి? గోడ మీద ఉన్నదాని అడుగున 1963, డెన్వర్ అని ఉంది.

నియో_డాక్టర్

సిస్టర్, ముందు ఆ "రెండున్నర దాటితే చాలు" అనే మాట పక్కన పెడదాం. 2,500 గ్రాముల గీత తక్కువ బరువును చెబుతుందే తప్ప, బిడ్డ తన వారాలకు తగ్గట్టు ఎదిగాడా లేదా అన్నది చెప్పదు. 36 వారాలకు 2,300 గ్రాములతో పుట్టిన పాప తక్కువ బరువు లెక్కలోకి వస్తుంది. కానీ ఇంటర్‌గ్రోత్ చార్టులో ఆ వారానికి ఆడపిల్లల 10వ పర్సంటైల్ సుమారు 2.14 కేజీలు. అంటే ఆ పాప సరిగ్గానే ఎదిగింది, తొందరగా పుట్టింది అంతే. మరోవైపు నిండా 40 వారాలకు 2,600 గ్రాములతో పుట్టిన బాబును ఎవరూ పట్టించుకోరు. ఆ వారానికి మగపిల్లల 10వ పర్సంటైల్ దాదాపు 2.9 కేజీలు. ఆ బాబునూ పట్టించుకోవాలి. వాడికీ షుగర్ పడిపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు.

గోడ మీద ఉన్నది లుబ్చెంకో చార్టు అయి ఉంటుంది. లులా లుబ్చెంకో అనే పిల్లల డాక్టర్ అమెరికాలోని డెన్వర్‌లో పుట్టిన పిల్లల బరువులతో 1963లో వేశారు. ఈ రంగానికి ఆమె చేసిన మేలు చిన్నది కాదు. 10కి కింద, 10 నుంచి 90 మధ్య, 90కి పైన అని పిల్లలను మూడుగా చూసే పద్ధతి తోటి డాక్టర్ బటాలియాతో కలిసి 1967లో ఆమె రాసిన వ్యాసంతోనే స్థిరపడింది. కానీ డెన్వర్ సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో ఆక్సిజన్ తక్కువ, పుట్టే పిల్లల బరువూ కాస్త తక్కువే. అందుకే నిండు నెలల దగ్గర ఆ చార్టు 10వ గీత కిందికి దిగి ఉంటుంది. వారాలకు తగ్గ బరువు లేని పిల్లలు చాలామంది ఆ గీతకు పైన పడి, మామూలుగా ఉన్నట్టే కనిపిస్తారు. మీ బిడ్డకు జరిగింది అదే. ఆ కాగితం గోడ మీద నుంచి తీసేయండి.

లెక్కల_మనిషి

డాక్టర్ గారి మాటకు కొంచెం చేర్పు. నేను వైద్యుణ్ణి కాదు, ఇలాంటి డేటాతో పనిచేసేవాణ్ణి.

చార్టులు రెండు రకాలు. ఒక చోట, ఒక కాలంలో పుట్టిన పిల్లలు ఎలా ఉన్నారో అలాగే గీసి చూపించేవి ఒక రకం. ఆ పిల్లల్లో పొగతాగే తల్లులకు, బీపీ ఉన్న తల్లులకు పుట్టినవాళ్లు కూడా ఉంటారు. లుబ్చెంకో చార్టు ఈ రకం. ఫెంటన్ చార్టు కూడా ప్రధానంగా ఇదే రకం. కాకపోతే 2013 కూర్పు ఆరు దేశాల నుంచి దాదాపు 40 లక్షల జననాల లెక్కలతో తయారైంది, మగ ఆడ విడివిడిగా ఉంటుంది, 22 వారాల నుంచి మొదలవుతుంది. నెలలు నిండని పిల్లల వార్డుల్లో దాన్ని అంతగా వాడేది అందుకే.

రెండో రకం, అన్నీ అనుకూలంగా ఉంటే పిల్లలు ఎలా ఎదగాలో చూపించేది. ఇంటర్‌గ్రోత్-21 ఇలా చేసిందే. పెలోటస్, ట్యూరిన్, మస్కట్, ఆక్స్‌ఫర్డ్, సియాటిల్, నైరోబి, నాగ్‌పూర్, బీజింగ్ దగ్గరి షున్యీ, ఈ ఎనిమిది చోట్ల ఆరోగ్యంగా ఉన్న తల్లులను ఎంచుకుని, మొదటి మూడు నెలల్లోనే స్కాన్‌తో వారాలు ఖాయం చేసి, పుట్టిన పిల్లలను ఒకే పద్ధతిలో కొలిచారు. ఫలితాలు 2014లో వచ్చాయి.

ఇంకో సంగతి. 10వ పర్సంటైల్ అంటే వందమంది ఆరోగ్యవంతమైన పిల్లల్లో కూడా పదిమంది దానికి కిందే ఉంటారు. గీత అలా గీసిందే మరి. కాబట్టి "గీతకు కింద" అన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సిన గుంపు అని మాత్రమే. కొందరు 3వ పర్సంటైల్‌నో, మైనస్ 2 జెడ్ స్కోరునో (సగటు నుంచి ఎంత దూరమో చెప్పే లెక్క) పెట్టుకుంటారు. అక్కడికి దిగినవాళ్లలో నిజంగా ఎదుగుదల ఆగినవాళ్ల వాటా చాలా ఎక్కువ.

స్కాన్_రూమ్

అందరూ చార్టు గురించే మాట్లాడుతున్నారు. నా అనుమానం వారాల మీద. సిస్టర్ గారూ, ఆ తల్లికి మొదటి మూడు నెలల్లో స్కాన్ చేశారా? రిపోర్టు ఫైల్లో ఉందేమో ఒకసారి చూడండి.

చార్టులో నిలువు గీత బరువు, అడ్డ గీత వారాలు. బరువును పది గ్రాముల తేడాతో కొలుస్తాం. వారాలేమో తల్లికి గుర్తున్న తేదీని నమ్మి రాసేస్తాం. నెలసరి క్రమంగా రాని వాళ్లు, గర్భనిరోధక మాత్రలు మానిన వెంటనే గర్భం వచ్చిన వాళ్లు, బాలింతగా ఉండగానే మళ్లీ గర్భం వచ్చిన వాళ్లు, వీళ్ల తేదీలు వారం పది రోజులు అటూ ఇటూ కావడం మాకు రోజూ కనిపించేదే.

వార్డు_సిస్టర్

ఫైలు తీసి చూశాను. 12వ వారంలో చేసిన స్కాన్ ఉంది. దాని ప్రకారం లెక్కిస్తే ప్రసవం నాటికి 38 వారాల 4 రోజులు మాత్రమే. నెలసరి లెక్కకూ దీనికీ 11 రోజుల తేడా. ఈ తేదీని ఎవరూ కేస్ షీట్ మొదటి పేజీకి ఎక్కించలేదు.

స్కాన్_రూమ్

అదీ సంగతి. ఆ స్కాన్‌లో తల నుంచి పిరుదు వరకు పిండం పొడవు కొలుస్తాం. ఆ దశలో అందరు పిల్లలూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి వయసు వారం లోపు తేడాతో తేలిపోతుంది. 9 నుంచి 13 వారాల మధ్య చేసిన స్కాన్‌కూ నెలసరి తేదీకీ 7 రోజుల కంటే ఎక్కువ తేడా ఉంటే స్కాన్ తేదీనే తీసుకోవాలి. ఒకసారి తీసుకున్నాక మళ్లీ మార్చకూడదు.

ఇప్పుడు మళ్లీ చుక్క పెట్టండి. 38 వారాలకు మగపిల్లల 10వ గీత సుమారు 2.57 కేజీలు, 39కి 2.73. 38 వారాల 4 రోజులంటే మధ్యలో, 2.66 అనుకోండి. మీ బిడ్డ 2.75. గీతకు పైనే ఉన్నాడు. చార్టు మార్చలేదు, బరువు మారలేదు, తేదీ సరిచేశాం అంతే.

ఏడో నెల దాటాక చేసిన మొదటి స్కాన్‌తో మాత్రం ఈ పని చేయకండి. అప్పటికి పిల్లల సైజుల్లో తేడాలు వచ్చేస్తాయి, వయసు అంచనా మూడు వారాల వరకు తప్పవచ్చు. పైగా చిన్న బిడ్డను చూసి "వారాలు తక్కువేమోలే" అని తేదీని వెనక్కి జరిపేస్తే ఎదుగుదల ఆగిన బిడ్డే ఎవరి కంటా పడకుండా పోతుంది. నాకు అన్నిటికంటే భయం ఇదే.

నియో_డాక్టర్

చాలా మంచి పాయింట్. స్కాన్ లేనే లేకపోతే మేం న్యూ బల్లార్డ్ స్కోర్ చేస్తాం. చర్మం, అరికాలి గీతలు, చెవి, చేతులు కాళ్లు ముడుచుకునే తీరు చూసి వారాలు అంచనా వేస్తాం. కానీ అది రెండు వారాలు అటూ ఇటూ కావచ్చు. పైన లెక్కలో చూశారుగా, 11 రోజులకే బిడ్డ గీత ఇటు నుంచి అటు దూకాడు. అందుకే బల్లార్డ్ మీద ఆధారపడి గీతకు ఆనుకుని ఉన్న బిడ్డను "పర్లేదు" అని వదిలేయను. రిస్క్ ఉన్నట్టే చూస్తాను.

పాలు_ముందు

నియో డాక్టర్ గారూ, ఇక్కడే నాకు అభ్యంతరం. తల్లిపాల కౌన్సెలర్‌గా నేను చూసేది గీత దాటిన తర్వాత జరిగే కథ. "రిస్క్" అని రాయగానే మడమ మీద సూది, మూడు గంటలకోసారి. ఒక రీడింగ్ కాస్త తక్కువ వస్తే డబ్బా పాలు. బిడ్డను తల్లి దగ్గర నుంచి తీసేస్తారు. రెండో రోజుకి తల్లి "నా పాలు చాలవు" అనే నిర్ణయానికి వచ్చేస్తుంది. అనుమానం ఉన్న ప్రతి బిడ్డనూ ఆ జాబితాలో చేరిస్తే నష్టం లేదని ఎలా అనగలం?

నియో_డాక్టర్

మీ బాధ నిజమే, నేను కాదనను. కానీ సూది వల్ల పాలు ఆగవు. సూది తర్వాత మనం చేసే పనుల వల్ల ఆగుతాయి.

ఎస్‌జీఏ బిడ్డకు షుగర్ ఎందుకు పడుతుందో చూడండి. కడుపులో చివరి వారాల్లో కాలేయంలో గ్లైకోజెన్ (దాచుకున్న చక్కెర), చర్మం కింద కొవ్వు నిల్వ అవుతాయి. మాయ (ప్లాసెంటా) నుంచి సరఫరా తగ్గితే ఈ నిల్వలే ముందు కరిగిపోతాయి. శరీరం మెదడును కాపాడుకుంటుంది కాబట్టి తల పెద్దగానే ఉంటుంది, దానికి గ్లూకోజ్ అవసరమూ అంతే ఉంటుంది. బొడ్డు తాడు కత్తిరించాక ఆ అవసరం తీర్చే నిల్వ లేదు. చాలాసార్లు బిడ్డ బయటికి ఏ లక్షణమూ చూపించడు. లక్షణం కనిపించేదాకా ఆగుదాం అంటే నాకు ధైర్యం చాలదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011 సూచనల్లో చెప్పిందీ పాలతోనే మొదలవుతుంది. మొదటి గంటలోనే పాలు పట్టించాలి, ఆ తర్వాత అరగంటకు మొదటి పరీక్ష, ఆపై ఎస్‌జీఏ పిల్లలకు 24 గంటల వరకు ప్రతి ఫీడ్‌కు ముందు. ఇదంతా తల్లి రొమ్ము మీద బిడ్డ చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి చేయవచ్చు. ఒళ్లు వెచ్చగా ఉంటే గ్లూకోజ్ ఖర్చు కూడా తగ్గుతుంది. పిండి తీసిన ముర్రుపాలు చెంచాతో పట్టండి. డబ్బా వైపు చూడకముందు చేయాల్సినవి ఇన్ని ఉన్నాయి.

పాలు_ముందు

ఈ వరసలో చేస్తే నాకు అభ్యంతరం లేదు. సూది గుచ్చేటప్పుడు బిడ్డ పాలు తాగుతూ ఉంటే నొప్పికి ఏడుపు కూడా తగ్గుతుంది. అది కూడా ప్రోటోకాల్ కాగితంలో రాసి పెట్టండి.

ప్రసూతి_డెస్క్

కాన్పుల వైపు నుంచి ఒక మాట. ఎస్‌జీఏ, ఎదుగుదల ఆగడం, ఈ రెండూ ఒకటి కావు. ఎస్‌జీఏ అనేది పుట్టిన రోజు తీసిన ఒక్క కొలత. ఎదుగుదల ఆగడం అనేది నెలల తరబడి జరిగిన సంగతి. తల్లిదండ్రులు చిన్నగా, పొట్టిగా ఉంటే బిడ్డ 7వ పర్సంటైల్‌లో ఉండి ఆరోగ్యంగా ఉండవచ్చు. దానికి విరుద్ధంగా, 28 వారాలప్పుడు 70వ పర్సంటైల్‌లో ఉన్న బిడ్డ 37కి వచ్చేసరికి 18కి జారి పుట్టాడనుకోండి. ఏ చార్టూ అతన్ని ఎస్‌జీఏ అనదు. కానీ ఆ బిడ్డ కడుపులో ఇబ్బంది పడ్డాడు. బొడ్డు తాడు డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) రిపోర్టు, తల్లి బీపీ, ఉమ్మనీరు తగ్గిన సంగతి, ఇవి వార్డుకు చేరాలి.

2018లో నిపుణులు కలిసి ఒప్పుకున్న నిర్వచనం నాకు బాగా పనికొచ్చింది. బరువు 3వ పర్సంటైల్‌కు కింద ఉంటే అదొక్కటే చాలు, ఎదుగుదల ఆగిందని తీసుకోవచ్చు. లేకపోతే ఐదింటిలో మూడు ఉండాలి: బరువు 10కి కింద, పొడవు 10కి కింద, తల చుట్టుకొలత 10కి కింద, కడుపులో ఉండగానే ఎదుగుదల తగ్గిందని తేలడం, తల్లికి దానికి దారితీసే బీపీ లాంటి సమస్య ఉండటం.

ఇంకోటి, స్కాన్‌లో చెప్పే అంచనా బరువు 10, 15 శాతం అటూ ఇటూ అవుతుంది. "స్కాన్‌లో మూడు కేజీలన్నారు, పుడితే రెండున్నరే" అని ఇంట్లోవాళ్లు గొడవపడటం తరచూ చూస్తాం. పుట్టాక త్రాసు చెప్పిందే లెక్క.

వార్డు_సిస్టర్

ఇది చదివి పొడవు, తల కూడా మళ్లీ కొలిచాను. పొడవు 48.5 సెం.మీ., తల 33.5. తొడల మీద, పిరుదుల మీద చర్మం వదులుగా లేదు. పొడవు కొలిచేటప్పుడు ఆయా తల పట్టుకుంది, నేను మోకాళ్లు చాపి పట్టాను. ఒక్కరే టేపుతో కొలిచినప్పుడు 50 వచ్చింది. ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా!

నియో_డాక్టర్

పొడవుకు ఎప్పుడూ ఇద్దరు కావాలి, టేపు కాదు బోర్డు కావాలి. మీరు చేసిందే సరైన పద్ధతి. పొడవుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే పాండరల్ ఇండెక్స్ వేద్దాం. బరువు గ్రాముల్లో తీసుకుని వందతో గుణించి, పొడవు ఘనంతో భాగించాలి. మీ బిడ్డకు 2.4 వస్తుంది, బాగుంది. అదే 50 సెం.మీ. అని రాసి ఉంటే 2.2కి పడిపోయేది. ఇది 2 కంటే తగ్గితే పొడవు ఉండి కండ, కొవ్వు లేని బిడ్డ అని అర్థం. చివరి నెలల్లో సరఫరా తగ్గినప్పుడు అలా ఉంటారు. షుగర్ సమస్య వాళ్లకే ఎక్కువ. తల, పొడవు, బరువు మూడూ ఒకేలా చిన్నగా ఉంటే ఇబ్బంది చాలా ముందే మొదలై ఉండవచ్చు. ఇన్ఫెక్షన్లు, క్రోమోజోముల సంగతి ఆలోచించాలి. లేదా ఆ కుటుంబంలో అందరూ చిన్నగానే ఉండే తీరు కావచ్చు.

తల చుట్టుకొలత సాగని టేపుతోనే తీయండి. ప్రసవంలో తల నొక్కుకుపోయి, పైన వాపు ఉంటే ఒకటి రెండు రోజులాగి మళ్లీ తీయాలి. బరువుకు మాత్రం అలా ఆగకూడదు. మొదటి గంటల్లో, బట్టలు లేకుండా, త్రాసు సున్నా చూసుకుని తూచాలి. మూడో రోజుకి మామూలు బిడ్డ కూడా బరువు తగ్గుతాడు. ఆ బరువు తెచ్చి పుట్టిన వారం మీద చుక్క పెడితే లేని ఎస్‌జీఏ పుట్టుకొస్తుంది.

పాప_తల్లి

నేను వైద్యరంగం మనిషిని కాదు. మా పాప 35 వారాలకు 2,100 గ్రాములతో పుట్టింది. అప్పటి నుంచి ఎవరు చూసినా "అయ్యో, బరువే లేదు, కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదా" అంటూనే ఉన్నారు. ఇప్పుడు మూడు నెలలు. టీకాలకు వెళ్తే కార్డు మీద చార్టులో మళ్లీ అన్నిటికంటే కింది గీత దగ్గర చుక్క పెట్టారు. నిద్ర పట్టడం లేదు. ఈ చర్చ చదివాక అడగాలనిపించింది.

నియో_డాక్టర్

అమ్మా, 35 వారాలకు ఆడపిల్లల 10వ పర్సంటైల్ సుమారు 1.92 కేజీలు, మధ్య గీత 2.4 దగ్గర. మీ పాప 2.1. తన వారాలకు తగ్గ బరువుతోనే పుట్టింది. ముందుగా పుట్టడం వేరు, ఎదగకపోవడం వేరు. మీ తిండి గురించి ఎవరేమన్నా మనసులో పెట్టుకోకండి.

టీకా కార్డు మీద ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 చార్టు అయి ఉంటుంది. అది నెలలు నిండి పుట్టిన పిల్లల కోసం. మీ పాప 5 వారాలు ముందు వచ్చింది కాబట్టి ఆ 5 వారాలు తీసేసి చుక్క పెట్టమనండి. మూడు నెలలంటే 13 వారాలు, అందులో 5 పోతే 8 వారాల బిడ్డగా చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కించాలి. ఒక్క చుక్కను చూసి భయపడకండి. వరసగా పెట్టిన చుక్కలు గీతకు సమాంతరంగా వెళ్తున్నాయా లేదా అన్నది చూడాలి. ఈ మూడు నెలల బరువులు అడిగి తీసుకుని, ఈసారి వెళ్లినప్పుడు మీ డాక్టర్‌కు చూపించండి.

పాప_తల్లి

చాలా థ్యాంక్స్ డాక్టర్ గారూ. మా అమ్మకు కూడా చదివి వినిపిస్తాను.

లెక్కల_మనిషి

ఆ అమ్మగారి సందర్భానికి చెందని విషయం, కానీ వార్డులో పనిచేసేవాళ్లకు చెప్పాలి. బాగా ముందు పుట్టిన పిల్లల దగ్గర, ముఖ్యంగా 32 వారాల లోపు, పుట్టిన బరువుల చార్టు కొంత ఉదారంగా ఉంటుంది. అంత ముందు పుట్టినవాళ్లలో చాలామంది ఏదో సమస్య వల్లే పుట్టారు, వాళ్ల బరువులు అప్పటికే తగ్గి ఉన్నాయి. ఆ బరువులతో గీసిన 10వ గీత కిందికి దిగుతుంది. అదే వారంలో ఇంకా కడుపులోనే ఉన్న పిల్లల స్కాన్ బరువులతో గీసిన చార్టు పెడితే ఎస్‌జీఏల సంఖ్య బాగా పెరుగుతుంది. రెండు చార్టుల్లో వేర్వేరు ఫలితం వస్తే చార్టు తప్పని కాదు, అవి వేర్వేరు పిల్లలను చూసి గీసినవి. ఏ చార్టు వాడారో కేస్ షీట్‌లో పేరు రాయడం అలవాటు చేసుకోండి. "10కి కింద" అని మాత్రమే రాసి ఉంటే తర్వాత చదివేవాడికి ఏమీ తెలియదు.

వార్డు_సిస్టర్

ఆ బిడ్డ బాగున్నాడు. సరైన తేదీ దొరికేలోపే మూడుసార్లు షుగర్ చూశాం, అన్నీ బాగున్నాయి. తల్లికి నేనే కూర్చుని చెప్పాను, బాబు అనుకున్నదానికంటే పదకొండు రోజులు చిన్నవాడు, తన వయసుకు సరిపోయేంత ఉన్నాడు అని. గోడ మీద పాత కాగితం తీసేశాం. మగ, ఆడ విడివిడిగా రెండు చార్టులు అంటించాం. కేస్ షీట్ మొదటి పేజీలో "వారాలు ఎలా నిర్ణయించారు" అని ఒక గడి పెట్టమని మా హెడ్ సిస్టర్‌ని అడిగాను, ఒప్పుకున్నారు.

ఒక్క ప్రశ్న మిగిలింది. రేపు కవలల సిజేరియన్ ఉంది, 36 వారాలు. వాళ్లకూ ఇవే చార్టులా?

ప్రసూతి_డెస్క్

ఇవే పెట్టండి, కానీ ఇవి ఒంటరి బిడ్డల చార్టులని గుర్తుంచుకోండి. 30 వారాలు దాటాక కవలల బరువు ఒంటరి బిడ్డల గీత నుంచి నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. కాబట్టి ఇద్దరూ 10కి కాస్త కింద పడితే ఆశ్చర్యపోవద్దు. షుగర్ మాత్రం ఇద్దరికీ చూడండి, 36 వారాలు కాబట్టి ఎలాగూ చూడాల్సిందే. ఇద్దరి మధ్య తేడా కూడా లెక్కించండి. పెద్ద బిడ్డ బరువులో నుంచి చిన్న బిడ్డ బరువు తీసేసి, పెద్ద బిడ్డ బరువుతో భాగించాలి. అది 20, 25 శాతం దాటితే చిన్న బిడ్డ గీతకు పైన ఉన్నా సరే పిల్లల డాక్టర్‌కు చెప్పండి. మాయ ఒకటా రెండా అన్నది స్కాన్ రిపోర్టులో ఉంటుంది, అది ఇప్పుడే చూసి రాసి పెట్టుకోండి. ఆపరేషన్ హడావుడిలో రేపు దొరకదు.